చక్కెర, సబ్బులు, చీపురు

మా షాపులో అన్నయ్య చెవి, నేను నోరు. ముక్కు లేదు కాబట్టి ముక్కుసూటిగా వ్యాపారం చెయ్యడం మాకు ఏనాడూ చేతకాలేదు. కళ్ళు మాత్రం వదినవి. షాపు మీదే ఇల్లు. మేడమీద కిటికీలోంచి ఆ కళ్ళు మా ఇద్దర్నీ కనిపెట్టుకుని ఉండేవి.

కారుతోపాటు కంపెనీవాడు బిగించి పంపిన స్టీరియో పీకేసి, ఆ జాగాలో మంచి సరుకు పెట్టడం మా పని. కంపెనీ స్పీకర్లంటే ఏమనుకున్నారు, ఒట్టి కాగితం. వాటిలో పాట వింటే పాడేవాడికి జలుబు చేసిందేమో అనిపిస్తుంది. ఆ జలుబు వదిలించే వైద్యులం మేము. 'డెక్కు లేని బండికి మేమే దిక్కు' అని నేనే దగ్గరుండి బోర్డు రాయించాను. అన్నయ్య పెద్ద పొడుగు మనిషి కాకపోయినా ఆ బోర్డు కిందనుంచి వెళ్ళేటప్పుడు మాత్రం తల వంచుకుని వెళ్ళేవాడు.

నా మాటల ఆటకి అన్నయ్య దగ్గర ఒక శిక్ష ఉండేది. కారు తలుపు లోపలివైపు ఉండే అట్టని మేం డోర్ ప్యాడ్ అంటాం. అది ప్లాస్టిక్ క్లిప్పుల మీద నిలబడుతుంది. ప్యాడ్ ఊడదీసిన ప్రతిసారీ కొన్ని క్లిప్పులు విరగాల్సిందే. విరిగినవాటిని ఎవరైనా పారేస్తారు. అన్నయ్య మాత్రం ఒక డబ్బాలో పోసి బల్ల మీద పెట్టుకునేవాడు. నేను ఎవరో కస్టమరుకి, 'కరెంటు వైరునీ పాట వైరునీ పక్కపక్కన పోనిస్తే వైరమేనండీ, ఇంజను ఈల వచ్చి పాటలో దూరుతుంది' అని చెబుతూ ఉంటానా, టప్పున చెవి వెనక ఒక క్లిప్పు తగిలేది. 'ఎర్తు సరిగా బిగించకపోతే అంతా వ్యర్థం' అంటే ఇంకోటి. గురి తప్పేది కాదు. విసిరాక మొహం చిట్లించి 'థూ' అనేవాడు. నాకు అవే చప్పట్లు. సాయంత్రం నేను చొక్కా విప్పితే క్లిప్పులు రాలతాయని మా ఆవిడ గొడవ.

ఇక బండి పూర్తయ్యాక చివరి పరీక్ష ఒకటి ఉండేది. అది మా షాపులో తప్ప ఎక్కడా ఉండదు. పెళ్ళైన కొత్తలో అన్నయ్య ఒకరోజు షట్టరు సగం దించుకుని మైకు ఏదో పరీక్షిస్తుంటే, వదిన బజారునుంచి వచ్చి బయట నిలబడి పిలిచిందట. అదంతా రికార్డయింది.

'ఏవండీ, షట్టరెత్తండి. సంచి చెయ్యి కోసేస్తోంది. చక్కెర, సబ్బులు, చీపురు, అన్నీ నేనే మొయ్యాలా? వింటున్నారా?'

ఆ వెనకే దూరంగా, చిన్నగా, అన్నయ్య గొంతు. 'ఆఁ, వస్తున్నా.'

అంతే. పాటలతో పరీక్షిస్తే మోసపోతాం, అందులో ఎవడేం కలిపాడో మనకి తెలీదు, అనేవాడు అన్నయ్య. రోజూ వినే గొంతయితే మోసం కుదరదు. చక్కెరలో 'చ' ఎంత తెగాలో, సబ్బులో 'స' ఎంత జారాలో అతనికి తెలుసు. కళ్ళు మూసుకుని, మీటలు తిప్పుతూ, వదిన సరిగ్గా డాష్‌బోర్డు నడిమధ్యన నిలబడి తిడుతున్నట్టు అనిపించేదాకా వదిలేవాడు కాదు. మా చుట్టుపక్కల బాగా పాడే ప్రతి బండీ ముందు మా వదిన చేత తిట్లు తిన్నదే.

ఆ ఏడాది వానలు మొదలైన కొత్తలో పళ్ళ డాక్టరుగారు కొత్త కారు తెచ్చారు. కారు చాలా బాగుంది. స్టీరియో మాత్రం జలుబు రకమే.

"మీరు పీకేవారు, మేమూ పీకేవాళ్ళమే. మీకైతే నొప్పి తెలీకుండా పీకుతాం" అన్నాను.

డాక్టరుగారు నవ్వారు. నేను అలవాటు ప్రకారం మెడ కాస్త వంచి క్లిప్పు కోసం చూశాను. వచ్చింది. కానీ కాస్త ఆలస్యంగా వచ్చింది. అన్నయ్య ముందు నా మొహంలోకి చూసి, తరవాత డబ్బాలో చెయ్యి పెట్టాడు. పెద్దవాడవుతున్నాడులే అనుకున్నాను.

ఇద్దరం రెండు రోజులు ఆ బండి మీద కూర్చున్నాం. తలుపుల రేకులకి లోపలనుంచి నల్లటి తారు షీట్లు అంటించి రోలరుతో నొక్కాం. అంతకుముందు వేలితో కొడితే డబ్బాలా మోగిన తలుపు, ఆ తరవాత లావాటి పుస్తకం మూసినట్టు పలికింది. సీటు కింద ఆంప్లిఫయరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ముందు తలుపుల్లో కొత్త స్పీకర్లు, అద్దాల మూలల్లో సన్నటి శబ్దాలు పలికే గోళీలంత ట్వీటర్లు. స్పీకర్లు బిగించే ముందు అన్నయ్య చిన్న బ్యాటరీ తీగలు ఒక్కొక్కదానికీ తాకించి, మధ్యనున్న బుడిపె బయటికి పొంగిందా లోపలికి పోయిందా అని వేలు ఆనించి చూసుకున్నాడు. రెండూ ఒకేసారి పొంగాలి. ఒకటి పొంగేటప్పుడు రెండోది లోపలికి పోయిందంటే, రెండూ మోగుతూనే ఒకదాన్నొకటి మింగేస్తాయి. బండిలో బలం ఉండదు. ఎక్కడ తప్పో కూడా తెలీదు.

"మొగుడూపెళ్ళాల్లాగా" అన్నాను నేను.

అది శ్లేష కాదు కాబట్టి క్లిప్పు రాలేదనుకున్నాను.

చివర్లో అన్నయ్య డ్రైవరు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. వదిన గొంతు వచ్చింది. ట్రెబుల్, అదే సన్నటి శబ్దం, కొంచెం పెంచాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. ఇంకొంచెం పెంచాడు. 'చక్కెర, సబ్బులు, చీపురు.' తల అడ్డంగా ఊపి ఇంకా పెంచాడు. నేను బయట వైర్ల ముక్కలు ఏరుతున్నాను. అన్నయ్య కళ్ళు తెరిచి, "ఆఁ, ఇప్పుడు వచ్చింది మీ వదిన" అన్నాడు.

వారం తిరక్కుండా డాక్టరుగారు వచ్చారు, దవడ పట్టుకుని.

"పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఆ మిషను మోత చెవుల్లో పెట్టుకుని, హమ్మయ్య అని కారెక్కుతానండీ. మీ స్పీకర్లు కూడా పన్ను తొలిచేస్తున్నాయి. మా ఆవిడైతే కారెక్కనంటోంది."

"ట్రెబుల్ కాస్త ట్రబులిస్తోందన్నమాట" అన్నాను. ఆయన నవ్వలేదు. అన్నయ్య వెనక్కి తిరిగి ఏదో వెతుక్కుంటున్నాడు. క్లిప్పు రాలేదు.

డాక్టరుగారు ఒక్కరే అయితే సున్నితం అనుకుందును. ఆయనకంటే ముందు ఒక ట్యాక్సీ అతను వచ్చి, ప్యాసింజర్లు పాట ఆపెయ్యమంటున్నారని చెప్పాడు. పాల వ్యాను అతను ఏమీ చెప్పకుండా ట్వీటర్ల మీద దూది అంటించుకున్నాడు. అది చూసి నేను నవ్వాను కూడా.

డాక్టరుగారు బండి మా దగ్గరే వదిలి వెళ్ళాక, నేనే వెళ్ళి అందులో కూర్చుని తలుపు వేసుకున్నాను. వదిన 'చక్కెర' అంది. గాజు మీద మేకుతో గీసినట్టుంది. 'సబ్బులు' అనేసరికి నా పళ్ళు కూడా జివ్వుమన్నాయి.

"అన్నయ్యా, కాస్త పదునుగా లేదూ?"

అన్నయ్య నా మూతివైపు చూశాడు. "వాడికి చెవులు లేవురా" అన్నాడు.

"మరి నాకు?"

"నీకు నోరుంది చాలదూ."

మేడమీద సంగతి వేరే. అక్కడ శబ్దం ఎక్కువై కాదు, లేక బాధ.

వదినది మెత్తటి గొంతు. అంతకన్నా ముఖ్యంగా, వదినది రోషం. ఒకసారి అడిగినదానికి జవాబు రాకపోతే మనలాంటివాళ్ళం గొంతు పెంచుతాం. వదిన తగ్గిస్తుంది. రెండోసారి సగం గొంతుతో అడుగుతుంది. మూడోసారి అడగదు.

"రేపు కుళాయి బాగుచేసేవాడు వస్తాడు. ఇంట్లో ఉంటారా?" అంది ఒక రాత్రి, అన్నయ్యకి వడ్డిస్తూ, వెనకనుంచి.

అన్నయ్య తింటున్నాడు.

"ఉంటారా?" అంది, ఇంకా చిన్నగా.

అన్నయ్య ముద్ద మింగి, ఎటూ చూడకుండా, "సరే" అన్నాడు.

మర్నాడు కుళాయివాడు వచ్చేసరికి అన్నయ్య లేడు. ఎక్కడికో సామాను తేవడానికి వెళ్ళాడు. వదిన ఏమీ అనలేదు. అనకపోవడం ఆ ఇంట్లో అప్పటికే మొదలై చాన్నాళ్ళయింది. కొన్ని నెలలుగా అన్నయ్య ఆమెతో మాట్లాడే మాట ఆ ఒక్క 'సరే'. అడిగినా సరే, తిట్టినా సరే, ఏమీ అనకపోయినా సరే. నేను దాన్ని అన్నయ్య మొండితనం అనుకునేవాణ్ణి. వదిన ఏమనుకుందో మా ఆవిడ చెబితే తెలిసింది.

"అక్క వెళ్ళిపోతోంది" అంది మా ఆవిడ, బట్టలు మడత పెడుతూ. తోడికోడల్ని తను అక్కా అనే పిలుస్తుంది.

"ఎక్కడికి? బజారుకా?"

"వాళ్ళ అక్కగారింటికి. కుట్టుపనిలో సాయానికి మనిషి కావాలందిట. ఈ శనివారం ప్రయాణం. మళ్ళీ రానంటోంది."

"అన్నయ్యకి చెప్పిందా?"

"చెప్పిందిట. స్నానానికి వెళ్తుంటే, వంటింట్లోంచి. నేను వెళ్ళిపోవాలనుకుంటున్నానండీ, మీరేమంటారు, అని అడిగిందిట."

"ఏమన్నాడు?"

మా ఆవిడ మడతపెట్టిన దుప్పటిని మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది. "సరే అన్నారట."

నా నోట్లో ఒక మాట తిరిగింది. సరే, సరిపోయింది, సరి అనే మూడింటితో ఏదో కట్టొచ్చు. బయటికి రాలేదు. నోరు అడ్డం తిరగడం అంటే అదేనేమో.

మర్నాడు షాపులో అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని వైర్లు ఒలుస్తున్నాడు. రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. నేను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. నాలుక మీద శ్లేష తిరుగుతుంటే నా కనుబొమలు వాటంతటవే పైకి లేస్తాయి. అద్దంలో నేను చూసుకోలేదు గానీ చూసినవాళ్ళు చెబుతారు. బాధగా ఉన్నప్పుడు కూడా అవి అలాగే లేస్తాయని నాకు ఆ పొద్దుటే తెలిసింది.

"వదిన వెళ్ళిపోతోంది అన్నయ్యా" అన్నాను. "నువ్వు సరే అన్నావట."

అన్నయ్య తలెత్తి నా మొహంలోకి చూశాడు. పెదవి మూలన నవ్వులాంటిది వచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక క్లిప్పు తీసి విసిరాడు. అది నా గుండెల మీద తగిలి ఒళ్ళో పడింది.

"థూ" అని, మళ్ళీ వైరు ఒలవడంలో పడ్డాడు.

నేను ఆ క్లిప్పు తీసి డబ్బాలో వేశాను. తరవాత లేచి అతని వెనక్కి వెళ్ళి నిలబడి, నాకు తెలిసిన అతి నీచమైన శ్లేష ఒకటి చెప్పాను. మామూలుగా అయితే దానికి డబ్బా మొత్తం నా నెత్తిమీద బోర్లించాలి. అన్నయ్య వైరు చివర పళ్ళతో లాగి ఉమ్మేసి, ఇంకో వైరు తీసుకున్నాడు. ఎన్నాళ్ళుగా నా కనుబొమలు చూసి విసురుతున్నాడో. ఎన్ని నెలలుగా నేను ఒక గోడముందు గారడీ చేస్తున్నానో.

వదినకి నేను చెప్పలేదు. చెబితే నమ్మదు. నా మాట అంటే ఆ ఇంట్లో అందరికీ ఆటే. 'అన్నయ్యకి వినయం ఎక్కువై కాదు వదినా, వినడం తక్కువై' అని నేనే ఎక్కడో మాట దొర్లిస్తే, అదీ ఒక శ్లేషే అనుకుని ఊరుకుంటుంది. అది ఆమె చెవితో ఆమే వినాలి.

"వదినా, డాక్టరుగారి బండికి గొంతు పరీక్ష ఉంది. రికార్డు పాతబడిపోయింది. ఒకసారి కిందికి వచ్చి కూర్చోవూ" అన్నాను.

"ఈ ఇంట్లో నా గొంతు పనికొచ్చేది అక్కడొక్కచోటే అన్నమాట" అంది. కానీ చేతులు తుడుచుకుని వచ్చింది.

అన్నయ్య డ్రైవరు సీట్లో, వదిన పక్కసీట్లో, నేను వెనక. తలుపులు మూశాం. ఆ తారు షీట్ల పుణ్యమా అని బయట కురిసే వాన ఒక్కసారిగా పక్క వీధిలోకి వెళ్ళిపోయినట్టయింది. అన్నయ్య స్టీరియో మీదికి వంగి మీటలు సర్దుకుంటున్నాడు. ఎందుకొచ్చిందో, ఏం చెయ్యాలో వదినకి ఎవరూ చెప్పలేదు. కాసేపు కిటికీ అద్దం మీద జారే నీళ్ళు చూసింది. తరవాత, ఎలాగూ తలుపులు మూసే ఉన్నాయి, వినడానికి నేను తప్ప ఎవరూ లేరు అనుకుందో ఏమో, ముందుకు చూస్తూనే మెల్లిగా అంది.

"శనివారం వెళ్తున్నాను."

"సరే" అన్నాడు అన్నయ్య, మీట తిప్పుతూ.

"ఇక రాను."

"సరే, సరే."

వదిన పెదవులు బిగించుకుంది. డ్రైవరు ముందున్న అద్దంలోంచి ఆమె కళ్ళు నావైపు తిరిగాయి. ఆ కళ్ళని నేను తప్పించుకోలేదు. తప్పించుకుని ఉంటే ఆమెకి అనుమానం వచ్చేది కాదేమో. చాలాసేపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగి, వంటింట్లో కూర తరిగే గొంతుతో అంది.

"ఈ బండికి నిప్పంటుకుందండీ."

"సరే" అన్నాడు అన్నయ్య.

వాన కురుస్తూనే ఉంది. వదిన ఏడవలేదు, ఏమీ లేదు. చెయ్యి చాపి అతని చొక్కా చేతిమడత పట్టుకుని లాగింది. అన్నయ్య తిరిగి చూశాడు. ఆమె అతని మొహానికి ఎదురుగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"చక్కెర. సబ్బులు. చీపురు."

అన్నయ్య మొహం విచ్చుకుంది. "అదే. కానీ గొణక్కు. ఈ మధ్య నువ్వు మరీ గొణుగుతున్నావు. వీడూ గొణుగుతున్నాడు." వెనకున్న నన్ను బొటనవేలితో చూపించాడు. నన్ను చూసి గొణుగుతున్నావన్న మొట్టమొదటి మనిషి మా అన్నయ్య. మా వీధి చివర ఉన్న కుక్క కూడా ఆ మాట ఒప్పుకోదు.

నేను ముందుకు వంగి అతని చెవి దగ్గర అరిచినట్టే చెప్పాను. "రికార్డులో గొంతు వదిన గొంతులా చెయ్యి. పక్కన కూర్చుని మాట్లాడుతోందే, ఆ గొంతులా. నీకు గుర్తున్నట్టు కాదు."

ఏమనుకున్నాడో, సరేనన్నాడు. ఈసారి విని అన్న 'సరే' అది. రికార్డు పెట్టాడు. ఆపాడు. వదిన వైపు చెయ్యి చూపించాడు. వదిన అవే మాటలు అంది. మళ్ళీ రికార్డు, మళ్ళీ వదిన. ట్రెబుల్ తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. సగం దాటి కిందికి వెళ్ళాడు. చొక్కా చంకల్లో చెమట పట్టింది అతనికి. చివరికి ఒకచోట వేళ్ళు ఆగిపోయాయి.

డాష్‌బోర్డు మీదనుంచి ఒక వదిన, పక్కసీట్లోంచి ఒక వదిన. ఇద్దరికీ తేడా లేదు. అంత బాగా కుదిరిన బండి నేను ఆ షాపులో ఇంకోటి వినలేదు.

"ఇదీ" అన్నాను. "ఇదే."

అన్నయ్య మొహం చిట్లించాడు. "ఇదేం బాగుందిరా. దుప్పటి కప్పి మాట్లాడించినట్టుంది."

"డాక్టరుగారికి ఇదే కావాలి. అందరికీ ఇదే కావాలి. ఇదే సరైంది."

అన్నయ్య మీట వైపు చూశాడు. తరవాత వదిన వైపు చూశాడు. వదిన తల ఊపింది, ఔనని.

"అయితే నువ్వు గొణగట్లేదూ?" అన్నాడు.

"లేదు" అంది వదిన.

అతను ఆమె పెదవుల వైపు చూస్తున్నాడు. అందుకని ఆమె మళ్ళీ చెప్పింది. "లేదు."

అన్నయ్య స్టీరియో ఆపేశాడు. జేబులోంచి గుడ్డ తీసి, మరకేమీ లేని స్టీరింగు చక్రాన్ని చాలాసేపు తుడిచాడు.

పళ్ళ డాక్టరు పట్టుకున్న రోగాన్ని చెవి డాక్టరు ఖాయం చేశాడు. మూసిన కార్లలో ఏళ్ళ తరబడి హోరు మధ్య కూర్చున్న ఫలితం అన్నాడు. ముందు సన్నటి శబ్దాలు పోతాయట. చ, స, శ. చక్కెరా, సబ్బులూ. మిగతావి కూడా దారిలో ఉన్నాయట. పోయినవి రావు. చెవికి మిషను పెట్టుకుంటే కొంత నయం.

మిషను పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజున, ఎలా ఉంది అని మా ఆవిడ గట్టిగా అడిగింది.

"కంపెనీ స్పీకరు తెచ్చి చెవిలో పెట్టినట్టుంది" అన్నాడు అన్నయ్య. "అందరికీ జలుబు చేసింది."

నేను నవ్వబోయి అతని మొహం చూసి ఊరుకున్నాను. బతుకంతా ఆ జలుబు వదిలించిన మనిషి. ఏ బండి వచ్చినా, లోపల ఏముందో చూడకుండానే పీకేద్దాం అనేవాడు. కానీ పైవాడు బిగించి పంపిన చెవికి మాత్రం మా షాపులో బదులు సామాను లేదు.

శనివారం వచ్చింది, వెళ్ళింది. వదిన వెళ్ళలేదు. అలాగని సంచీ విప్పలేదు. మంచం పక్కనే కట్టిపెట్టి ఉండేది. ఏ తువ్వాలో, ఏ దువ్వెనో కావాల్సి వచ్చినప్పుడు జిప్పు లాగి అదొక్కటే తీసుకుని మళ్ళీ మూసేది. ఒక సాయంత్రం మా ఆవిడ దగ్గర కూర్చుని అందిట. "ఇన్నాళ్ళూ నన్ను పట్టించుకోవట్లేదని కోపం. అదే నయం. పట్టించుకోనివాడు ఎప్పుడో ఒకప్పుడు పట్టించుకుంటాడని ఉండేది." తరవాత, "ఈ నెలల్లో ఆయనతో ఏమేం చెప్పానో. సగం నాకే గుర్తులేదు. మళ్ళీ చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టను?" అందిట.

కోపం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోతే మనిషి ఎంత ఖాళీ అవుతుందో ఆ వానాకాలంలో వదినని చూశాకే నాకు తెలిసింది. అన్నయ్యతో ఇప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడేది. వెనకనుంచి మాట్లాడ్డం మానేసింది. ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు అన్నీ అనలేం కదా. కొన్ని మాటలు వెనకనుంచి అనడానికే పుడతాయి. ఆ మాటలు ఆమెలోనే ఉండిపోయాయి. అన్నయ్య కూడా 'సరే' అనడం మానేశాడు. దాని జాగాలో 'మళ్ళీ చెప్పు' వచ్చింది. ఒక్కోసారి మూడుసార్లు. మూడోసారికి చెప్పేదానిలో ప్రాణం ఉండదు. ఉప్పు తక్కువైంది అన్న మాటని కూడా మూడోసారి చెప్పాలంటే విసుగొస్తుంది.

షాపులో మీటలు నా చేతికిచ్చాడు. నోరు చెవి అయింది. వైర్లు, తారు షీట్లు, ఎర్తు, ఇవన్నీ అతనే చూసుకునేవాడు. బ్యాటరీ తాకించి స్పీకరు పొంగిందో లేదో వేలితో చూసే పని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. దానికి చెవి అక్కర్లేదు. నేను కూర్చుని వదిన రికార్డు పెట్టి, పక్కన వదినని కూర్చోబెట్టి, రెండు గొంతులూ కలిపేవాణ్ణి. నాకు నోరుంది చాలదూ అని అన్నయ్య అన్న మాట ఎంత నిజమో అప్పుడు తెలిసింది. అతను ఒక పూటలో తేల్చేది నాకు రెండు రోజులు పట్టేది. నా అరుపులు కూడా తగ్గాయి. వినేవాడు కావాలనుకుంటే ముందు నోరు మూసుకోవాలని ఆలస్యంగా తెలిసింది. తెలిసినందుకు సంతోషమేమీ కలగలేదు.

వానాకాలం చివర్లో ఒక ఉదయం ఎండ కాసింది. ట్యాక్సీ అతను మళ్ళీ వచ్చాడు, కుదిర్చిపెట్టమని. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వదిన పక్కసీట్లో కూర్చుని ఉంది. ఆ పొద్దున్న సంచీలో మిగిలిన ఆఖరి దుప్పటి తీసి ఎండలో ఆరేసి, ఖాళీ సంచీ అటకమీద పడేసి వచ్చింది. అన్నయ్య బయట స్టూలు మీద కూర్చుని, ఒక అరచెయ్యి తలుపుకి ఆనించి, స్టీరియో మీద ఎగిరిపడే పచ్చటి గీతలు చూస్తున్నాడు. చెవిలో మిషను లేదు. ఎండలో చెమట పడితే దురద అంటాడు.

వదిన గొంతు వచ్చింది. గీతలు లేచాయి.

"ఇప్పుడు సబ్బులు" అన్నాడు అన్నయ్య.

కరెక్టే.

"ఇప్పుడు చీపురు."

'వింటున్నారా?' అంది స్పీకర్లో వదిన, అప్పటి వదిన. దూరంనుంచి అప్పటి అన్నయ్య, 'ఆఁ, వస్తున్నా' అన్నాడు. అంత చిన్న గొంతుకి గీతలు లేవలేదు. అన్నయ్య అయిపోయిందనుకుని చెయ్యి తీసేశాడు. పక్కసీట్లో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఏదో ఒకటి అనాలి కదా. తలెత్తి చూస్తే షాపు మీద మా బోర్డు కనిపించింది. మూడు నెలల వానకి అక్షరాల రంగంతా పోయి, 'దిక్కు' అన్న మాట ఒక్కటే కాస్త కనబడుతోంది.

"వాన వెలిసింది" అన్నాను. "దాంతోపాటు మన బోర్డూ వెలిసింది."

అన్నయ్య నా కనుబొమలు చూడలేదు, ఎండ కళ్ళలో పడుతోంది అతనికి. వదిన వైపు తిరిగాడు.

"ఏమన్నాడు?"

వదిన చెప్పింది.

"మళ్ళీ చెప్పు."

వదిన కారు దిగి అతని ఎదురుగా వచ్చి, పక్కనున్న ఇంకో స్టూలు మీద కూర్చుంది. పెదవులు బాగా కదుపుతూ, వెలిసింది అన్నచోట ఒకసారి ఆకాశం వైపూ, ఒకసారి బోర్డు వైపూ వేలు చూపిస్తూ, నా మాట మొత్తం మొదటినుంచీ చెప్పింది. నా నోట్లో అది ఎలా ఉందో గానీ, అంత నిదానంగా, అంత శ్రద్ధగా చెబుతుంటే వినలేకపోయాను. నా శ్లేషలు ఎంత ఘోరంగా ఉంటాయో మొదటిసారి నేను కూడా విన్నాను.

అన్నయ్య ఆకాశం చూశాడు. బోర్డు చూశాడు. కాస్తసేపు పట్టింది. తరవాత డబ్బాలో చెయ్యి పెట్టాడు. నేను అలవాటుగా కళ్ళు మూసుకుని మెడ వంచాను.

నా మీద ఏమీ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే క్లిప్పు వదిన ఒళ్ళో ఉంది.

"థూ" అన్నాడు అన్నయ్య, ఆవిడ వైపు చూస్తూ.

వదిన ఆ విరిగిన క్లిప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. డబ్బాలో వెయ్యలేదు. గుప్పిట్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.